బండిలో ఖాళీ సీటు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1986 పదో తరగతి బ్యాచి. మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అమెరికాలో ఇన్నేళ్లున్నావు, మన పిల్లలకు పనికొచ్చే మాట ఏదైనా చెప్పు" అన్నాడు. ఏం చదవాలి, ఏ ఉద్యోగం చూసుకోవాలి అన్నవి పిల్లలకు నాకంటే బాగా తెలుసు. అందుకని ఈ సభలో చాలామంది పేరు కూడా విని ఉండని ఒక ఆట గురించి చెబుతాను. దాని పేరు లాక్రాస్. ఎక్కడో ఆటతో మనకేం పని అనుకోకండి. కాస్త ఓపిక పడితే మళ్లీ మన బడి దగ్గరికే వస్తాను.

పొడుగాటి కర్ర చివర చిన్న వలసంచి ఉంటుంది. గట్టి రబ్బరు బంతిని ఆ సంచిలో పట్టుకుని పరుగెత్తాలి, తోటివాళ్లకు విసరాలి, ఆరడుగుల ఎత్తు ఆరడుగుల వెడల్పు ఉన్న గోల్‌లోకి కొట్టాలి. మగపిల్లల జట్టులో పదిమంది, ఆడపిల్లల జట్టులో పన్నెండుమంది మైదానంలో ఉంటారు. దీన్ని మొదట ఆడినవాళ్లు ఉత్తర అమెరికా ఆదివాసులు. వాళ్లకిది సృష్టికర్త ఇచ్చిన ఆట. జబ్బు నయం కావాలని, కలహం తీరాలని కూడా ఆడేవారు. అక్కడికి వచ్చిన ఫ్రెంచివాళ్లు దీనికి లాక్రాస్ అని పేరు పెట్టారు. 1904, 1908 ఒలింపిక్స్‌లో ఉండేది. మళ్లీ 2028లో లాస్ ఏంజెలెస్‌లో ఆరుగురు ఆడే పద్ధతిలో తిరిగి వస్తోంది.

నేనుండే మేరీల్యాండ్ రాష్ట్రంలో ఈ ఆటకు ఉన్న పిచ్చి చెప్పనలవి కాదు. 2004లో దీన్ని రాష్ట్ర అధికారిక జట్టు క్రీడగా ప్రకటించారు. వసంతం వస్తే బాల్టిమోర్ చుట్టుపక్కల ప్రతి మైదానంలో ఈ కర్రలే. అక్కడి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయాన్ని మనవాళ్లు వైద్యానికీ పరిశోధనకూ గొప్పదంటారు. మా పక్కింటాయనకు మాత్రం అది లాక్రాస్ కాలేజీ.

మా చిన్నమ్మాయి ఏడో తరగతిలో ఉండగా పక్కింటి పిల్లను చూసి కర్ర పట్టింది. గోల్‌కీపర్‌గా నిలబడతానంది. అంత గట్టి బంతికి ఎదురు నిలబడటం ఏమిటని వాళ్లమ్మ భయపడింది. నేను మాత్రం, బడిలో ఆడుకుంటుంది, సాయంత్రానికి ఇంటికొస్తుంది అనుకున్నాను. మనకు తెలిసిన ఆట అంతే కదా.

మొదటి ఏడాదిలోనే తెలిసింది, అక్కడ బడి జట్టు ఒక సగమేనని. రెండో సగం పేరు క్లబ్ జట్టు. బడికీ దానికీ సంబంధం లేదు. ఎవరో ఒక పాత ఆటగాడో, కోచ్చో నడుపుతాడు. ఎంపిక పోటీ పెట్టి, పుట్టిన ఏడాదిని బట్టో తరగతిని బట్టో జట్లు కడతాడు. ఫీజు కట్టాలి. ఎండాకాలమంతా శని, ఆదివారాలు న్యూజెర్సీ, డెలావేర్, పెన్సిల్వేనియా అంటూ టోర్నమెంట్లకు తిరగాలి. మేం ఏడాదికి మూడు వేల డాలర్ల దాకా ఫీజు కట్టాం. పెట్రోలు, హోటళ్లు, తిండి కలిపితే ఆ అంకె రెండింతలు దాటేది.

బడిలో ఆడుతుంటే క్లబ్ ఎందుకు? ఈ ప్రశ్న నేనూ అడిగాను. సమాధానంలో మోసమేమీ లేదు. పంచాంగం అట్లా ఉంది, అంతే. కాలేజీ జట్లు ఆడేది ఫిబ్రవరి నుంచి మే దాకా. హైస్కూళ్లు ఆడేదీ ఆ వసంతంలోనే. కాలేజీ కోచ్ తన జట్టును వదిలి ఏదో ఊళ్లో హైస్కూలు ఆట చూడటానికి ఎట్లా వస్తాడు? ఆయనకు తీరిక దొరికేది ఎండాకాలం, ఆ తర్వాత శరత్కాలం. అప్పుడు బడులు ఆడవు, క్లబ్బులు ఆడతాయి. ఒకే చోట పదీ ఇరవై మైదానాలు, పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఆటలు. కోచ్‌లు మడత కుర్చీలు వేసుకుని, చేతిలో పిల్లల పేర్లు, చొక్కా అంకెలు ఉన్న జాబితా పట్టుకుని కూర్చుంటారు. బడి జట్లను చూడాలంటే నెల రోజులు తిరగాలి. ఇక్కడ అంతకు మించిన పిల్లలను ఒక్క రోజులో చూసేస్తారు. వాళ్ల పని అట్లా తేలికవుతుంది. ఫలితం ఏమిటంటే, ఆ మైదానానికి రాలేని పిల్ల వాళ్ల లెక్కలో లేనట్టే.

దాని పక్కన ప్రైవేటు బడి. అమెరికాలో ఎక్కువమంది పిల్లలు చదివేది డబ్బు కట్టనక్కర్లేని ప్రభుత్వ బడుల్లోనే. మా పిల్లలూ అక్కడే చదివారు. కానీ బాల్టిమోర్ ప్రాంతపు ప్రైవేటు బడుల లాక్రాస్ దేశమంతా పేరున్నది. మెక్‌డొనో అనే బడి ఆడపిల్లల జట్టు 2009 నుంచి 2018 దాకా వరసగా 198 ఆటలు ఓడకుండా గెలిచింది. ఒకసారి ఆలోచించండి, తొమ్మిదో తరగతిలో చేరిన పిల్ల బడి వదిలేదాకా ఓటమి అంటే ఏమిటో తెలియకుండానే వెళ్లిపోయింది!

ఈ బడుల్లో కోచ్‌లు చాలామంది కాలేజీ స్థాయిలో ఆడినవాళ్లు. కాలేజీ కోచ్‌తో కలిసి ఆడినవాళ్లో, ఆయన కింద నేర్చుకున్నవాళ్లో ఉంటారు. ఒక్క ఫోన్ చేస్తే ఆయన ఎత్తుతాడు. అదే కోచ్ ఎండాకాలంలో క్లబ్ కూడా నడుపుతుండవచ్చు. ఇంకొక సౌకర్యం ఉంది. పిల్లను ప్రైవేటు బడిలోకి మార్చేటప్పుడు ఒక తరగతి మళ్లీ చదివించవచ్చు. చదువు రాక కాదు. తోటివాళ్లకంటే ఒక ఏడాది వయసు, అంగుళం ఎత్తు, కాస్త బలం ఎక్కువ ఉంటాయని. మన ఊళ్లో తరగతి తప్పితే నామోషీ. అక్కడ డబ్బు కట్టి మరీ అదే తరగతిలో కూర్చోబెట్టే తండ్రులను చూశాను.

నా దాకా కూడా ఆ మాట వచ్చింది. "ఎనిమిది మళ్లీ చదివించండి, మంచి బడి చూపిస్తా" అన్నాడు ఒకాయన. ఆ బడి ఫీజు ఏడాదికి 30 వేల డాలర్ల దరిదాపు. రెండు రాత్రులు లెక్కలేశాను. ఆ లెక్క మీకూ చెబుతాను, ఎందుకంటే ఏ ఆట వెంటపడే తల్లిదండ్రులకైనా ఇది అవసరం.

అప్పట్లో డివిజన్ వన్ అనే పై శ్రేణి కాలేజీలో ఆడపిల్లల లాక్రాస్‌కు ఇవ్వగలిగిన పూర్తి స్కాలర్‌షిప్పులు 12, మగపిల్లలకు 12.6. జట్టులో ఉండేది ముప్పై మంది, నలభై మంది. ఆ పన్నెండింటినీ ముక్కలు చేసి పంచుతారు. పూర్తి ఫీజు దొరికే పిల్ల అరుదు. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ కాలేజీలైతే ఆటకని స్కాలర్‌షిప్ అసలు ఇవ్వవు. డివిజన్ త్రీ కాలేజీలూ ఇవ్వవు. 2025లో కోర్టు ఒప్పందం తర్వాత ఈ పరిమితుల పద్ధతి మారింది. ఒప్పందంలో చేరిన కాలేజీల్లో ఇప్పుడు స్కాలర్‌షిప్పుల సంఖ్య మీద కాక, జట్టులో ఎంతమంది ఉండాలనే దాని మీద హద్దు. అయినా క్లబ్బుకు కట్టిందంతా స్కాలర్‌షిప్ రూపంలో తిరిగి వస్తుందనుకునే తండ్రికి లెక్కలు రానట్టే. వచ్చేది డబ్బు కాదు, ప్రవేశం. మార్కులు బాగానే ఉన్నా వేలమందిలో ఒకటిగా మిగిలే దరఖాస్తును ఒక కోచ్ చేత్తో పట్టుకుని ప్రవేశాల ఆఫీసులో చూపించడం. దాని కోసమే ఇంత పరుగు.

ఆ పరుగు ఎంత దూరం వెళ్లిందంటే, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఫలానా కాలేజీకి ఆడతామని నోటిమాట ఇచ్చేవారు. పదమూడేళ్ల పిల్లకు తను ఏం చదవాలో తెలుస్తుందా? చివరికి కోచ్‌లే విసిగి అడిగితే, 2017 ఏప్రిల్‌లో నిబంధన తెచ్చారు. పదకొండో తరగతి సెప్టెంబరు 1 వచ్చేదాకా పిల్లతో గానీ తల్లిదండ్రులతో గానీ కాలేజీ కోచ్ చేర్చుకునే సంగతి మాట్లాడకూడదు. మంచి నిబంధనే. మాట్లాడటం ఆగింది గానీ చూడటం ఆగలేదు. చూసేది క్లబ్ మైదానంలోనే కాబట్టి క్లబ్ విలువ తగ్గలేదు.

నేను క్లబ్బులనూ ప్రైవేటు బడులనూ తిట్టడానికి ఇక్కడికి రాలేదు. మా అమ్మాయికి భుజం నొప్పి పుడితే నెల రోజులు ఆడొద్దని ఆపినవాడు క్లబ్ కోచ్చే. కొన్ని ప్రైవేటు బడులు లేనివాళ్ల పిల్లలకు ఫీజు తగ్గించి చేర్చుకుంటాయి. లాంగ్ ఐలాండ్‌లో ప్రభుత్వ బడులే గొప్ప జట్లను తయారు చేశాయి. ఫుట్‌బాల్ వీరుడిగా ప్రపంచానికి తెలిసిన జిమ్ బ్రౌన్ లాక్రాస్ ఆడింది మాన్‌హాసెట్ ప్రభుత్వ హైస్కూల్లో. బాల్టిమోర్‌లోనే మోర్గాన్ స్టేట్ అనే నల్లజాతివారి చారిత్రక విశ్వవిద్యాలయం ఉంది. దాని జట్టు 1975లో, అప్పటికి దేశంలో ముందు వరసలో ఉన్న వాషింగ్టన్ అండ్ లీ జట్టును వాళ్ల మైదానంలోనే ఓడించింది. అవకాశం దొరికితే ఆట ఎవరి సొత్తూ కాదని అందరూ చూశారు. ఇవాళ హార్లెం లాక్రాస్ అనే సంస్థ బాల్టిమోర్ ప్రభుత్వ బడుల్లో కూడా మనిషిని పెట్టి, ఆటతో పాటు చదువూ చూసుకుంటోంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది నేను ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

మా అమ్మాయి బడిలోనే ఇంకొక గోల్‌కీపర్ ఉండేది. మా వీధికి రెండు వీధుల అవతల ఇల్లు. వాళ్లమ్మ ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన మనిషి. వృద్ధుల ఆశ్రమంలో రాత్రి డ్యూటీ. ఇంట్లో ఒకటే కారు. ఆ పిల్ల మా అమ్మాయికంటే బాగా ఆడేది. తండ్రిని కాబట్టి కొంచెం బాగా అంటున్నాను. నిజానికి చాలా బాగా ఆడేది. బంతి కర్ర వదిలేలోపే ఎటు వస్తుందో తెలిసినట్టు కదిలేది.

మా క్లబ్ కోచ్ ఒకసారి బడి ఆట చూడటానికి వచ్చాడు. వారం తర్వాత తల్లిదండ్రులందరికీ ఈమెయిల్. "ఆ పిల్లను మన జట్టులోకి తీసుకుందామనుకుంటున్నాను. ఫీజు మాఫీ చేస్తాను. సాధనకు, టోర్నమెంట్లకు ఎవరైనా తీసుకురాగలరా?" అని. సాధన జరిగేది మా ఊరికి నలభై మైళ్ల దూరంలో. ఆ దారిన వెళ్లే బండి మాది ఒక్కటే. ఏడు సీట్ల బండి. అందులో వెళ్లేది మేమిద్దరం.

క్లబ్ జట్టులో అప్పటికే ఇద్దరు గోల్‌కీపర్లు. ఒకామె ప్రైవేటు బడి పిల్ల, రెండోది మా అమ్మాయి. ఆటను ఇద్దరికీ చెరి సగం పంచేవారు. ఆ పిల్ల వస్తే ఎవరి సగం పోతుందో నాకు చెప్పాల్సిన పని లేదు.

నేను ఆ ఈమెయిల్‌కు జవాబు ఇవ్వలేదు. కాదనలేదు, అవుననలేదు. రేపు చూద్దాం అనుకున్నాను. వారం గడిచింది. కోచ్ మళ్లీ అడగలేదు.

రెండు నెలల తర్వాత సంగతి ఆ పిల్ల నోటే మా అమ్మాయికి తెలిసింది. ఇంటికొచ్చి భోజనాల దగ్గర నన్ను ఒకే మాట అడిగింది. "నాన్నా, మన బండిలో సీటుంది కదా?" నేను ఆఫీసులో పని ఎక్కువై ఈమెయిల్ చూసుకోలేదన్నాను. అది నా మొహం చూసి, ఇంకేమీ అనకుండా కంచం తీసుకుని లేచి వెళ్లిపోయింది. అబద్ధం నాకు అంటుకుంది, కడుగుకున్నా పోలేదు.

2019 సెప్టెంబరు 1 అర్ధరాత్రి, ఫోన్ చేయడానికి కోచ్‌లకు అనుమతి మొదలయ్యే ఘడియకు, మేం ముగ్గురం హాల్లో కూర్చున్నాం. మోగలేదు. చివరికి ఒక చిన్న డివిజన్ త్రీ కాలేజీలో చేరింది. స్కాలర్‌షిప్ లేదు. నాలుగేళ్లలో ఎక్కువ ఆటలు బెంచీ మీద నుంచే చూసింది. అయినా సంతోషంగా ఆడింది, బాగా చదివింది. ఆ రెండో పిల్ల బడి జట్టుకు ఆఖరిదాకా గోల్ కాచింది. తర్వాత కమ్యూనిటీ కాలేజీలో చేరి, ఇప్పుడు ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తోంది. ఆ పిల్ల బతుకు పాడైందని చెప్పను. నేను సీటిచ్చి ఉంటే పెద్ద కాలేజీకి ఆడేదనీ చెప్పలేను. చెప్పగలిగింది ఒకటే. మడత కుర్చీలో కూర్చున్న ఏ కోచ్చూ ఆ పిల్లను ఒక్కసారైనా చూడలేదు. చూడకపోవడంలో క్లబ్ ఫీజుది తప్పు కాదు, అది మాఫీ అయింది. ప్రైవేటు బడిది తప్పు కాదు. పంచాంగానిదీ కాదు. ఆ చివరి నలభై మైళ్లు నావి.

వ్యవస్థ అన్యాయంగా ఉందని మనం తరచూ అంటాం. ఉంది. కానీ వ్యవస్థ అనేదానికి చేతులు కాళ్లు ఉండవు. ఒక్కోసారి దాని చేయి మనదే అవుతుంది.

ఇక మన బడికి వస్తాను. నేను ఇట్లాంటి మనిషిని ఎట్లా అయ్యానో నాకే తెలియదు, ఎందుకంటే నన్ను పెంచిన బడి ఇట్లాంటిది కాదు.

తొమ్మిదో తరగతిలో నేను బాల్ బాడ్మింటన్ ఆడేవాణ్ని. ఐదుగురి జట్టు, పసుపుపచ్చ ఉన్ని బంతి. గ్రిగ్ పోటీలు పక్క తాలూకా ఊళ్లో. తెల్లారితే ఆట. మాకు మిరపకోతలు. మా నాన్న పంపనన్నాడు, బస్సు డబ్బులూ లేవన్నాడు. కోడి కూసే వేళకు మా డ్రిల్లు మాస్టారు సైకిలు మీద మా ఇంటికి వచ్చారు. మా నాన్నతో వాదించలేదు. మా అమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి, "అయ్యా, ఐదో వాడు లేకపోతే మిగతా నలుగురూ ఆడలేరు. సాయంత్రానికి నేనే దింపుతా" అన్నారు. నన్ను వెనక క్యారియరు మీద కూర్చోబెట్టుకుని బస్సు దాకా తొక్కారు. నా టిక్కెట్టు ఆయనే తీశారు. పోటీలో ఏం సాధించామని అడక్కండి. రెండో ఆటకే ఇంటిదారి పట్టాం.

కానీ ఆ ఊళ్లో పోటీలు జరిగింది జూనియర్ కాలేజీ మైదానంలో. నేను కాలేజీ అనేది కంటితో చూడటం అదే మొదటిసారి. మా ఇంట్లో పదో తరగతి దాటినవాళ్లు లేరు. వరండాలో పుస్తకాలు పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్లను చూసి, వీళ్లూ నాలాంటివాళ్లే అనిపించింది. రెండేళ్ల తర్వాత ఆ వరండాలోనే నిలబడ్డాను. ఆ తర్వాత జరిగిందంతా అక్కడి నుంచి వచ్చిందే.

మాస్టారు ఇవాళ ఈ వేదిక మీద లేరు. ఆయన నన్ను ఎంపిక చేశారని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఐదుగురే ఉన్న చోట ఎంపిక ఏముంది? ఆయన నన్ను తీసుకెళ్లారు. ఎంపిక చేసేవాళ్లు అమెరికాలో నాకు చాలామంది కనిపించారు. తీసుకెళ్లేవాళ్లే తక్కువ. నా వంతు వచ్చినప్పుడు నేనూ తీసుకెళ్లలేదు.

మన దగ్గరా కాలం మారింది. మైదానం లేని మేడల్లో బడులు నడుస్తున్నాయి. ఆట కావాలంటే పట్నంలో అకాడమీకి నెలకింత కట్టాలి. హకీంపేట క్రీడా పాఠశాల లాంటివి ప్రభుత్వం నడుపుతున్నవి ఉన్నాయి, మంచివే. కానీ అక్కడి ఎంపికకు వెళ్లాలన్నా ఒక పల్లెటూరి పిల్లకు తోడు మనిషి, బస్సు టిక్కెట్టు, ఒక పూట భోజనం కావాలి. మేరీల్యాండ్‌లో నలభై మైళ్లు అడ్డం పడితే ఇక్కడ నలభై కిలోమీటర్లు అడ్డం పడతాయి.

అందుకని సంఘానికి ఒక మనవి. స్వర్ణోత్సవానికి గుర్తుగా బడి ముందు ఆర్చి కట్టాలని ప్రతిపాదన ఉందని విన్నాను. ఆర్చి కట్టండి, కాదనను. దానికంటే ముందు "ప్రయాణ నిధి" అని ఒకటి మొదలుపెట్టండి. మన బడి పిల్లలు మండల, జిల్లా, రాష్ట్ర స్థాయి ఆటలకైనా, సైన్స్ ప్రదర్శనలకైనా, వక్తృత్వ పోటీలకైనా వెళ్లాల్సి వస్తే, దారి ఖర్చు, భోజనం, ఆడపిల్లలకు తోడు వెళ్లే టీచరమ్మ ఖర్చు, ఇవన్నీ ఆ నిధి చూసుకోవాలి. గెలిచే పిల్లలకే ఇస్తామన్న షరతు పెట్టొద్దు. పెట్టి ఉంటే నాకు వచ్చేది కాదు. లెక్కలు హెడ్ మాస్టరు గారు, సంఘం కోశాధికారి కలిసి ఏడాదికోసారి నోటీసు బోర్డు మీద పెట్టాలి. నేను కోశాధికారి గారికి పొద్దున ఒక చెక్కు ఇచ్చాను. ఎంత అన్నది చెప్పను. మా అమ్మాయి క్లబ్బుకు ఒక ఏడాది కట్టిన ఫీజు ఎంతో ఇందాక చెప్పాను కదా, అంత.

డబ్బు ఇవ్వలేని వాళ్లు నిరాశ పడొద్దు. ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు బళ్లు ఉన్నాయి, ఆటోలు ఉన్నాయి, ట్రాక్టర్లు ఉన్నాయి. హెడ్ మాస్టరు గారి దగ్గర మీ పేరు, ఫోన్ నంబరు రాయించండి. ఏడాదికి ఒక్క రోజు చాలు.

మా అమ్మాయి చదువైపోయి, ఇప్పుడు సాయంత్రాలు తను చదివిన బడిలోనే చిన్నపిల్లలకు గోల్ కాయడం నేర్పుతోంది, జీతం లేకుండా. పోయిన వేసవిలో ఒకరోజు తన కారులో వెనక సీట్లు మూడూ నిండి ఉండటం చూశాను. ఎవరు వీళ్లని అడిగితే, "వీళ్లమ్మలకు డ్యూటీ ఉంది నాన్నా, దింపి వస్తా" అంది. ఆ పాత ఈమెయిల్ సంగతి మా మధ్య మళ్లీ రాలేదు. నేనే ఎత్తాను ఆ రాత్రి. చూశాననీ, చూసే ఊరుకున్నాననీ చెప్పాను. "నాకు అప్పుడే తెలుసు" అంది. కాసేపాగి, "మీ డ్రిల్లు మాస్టారి కథ చిన్నప్పుడు నువ్వే కదా చెప్పావు" అంది.

మాస్టారి సైకిలు నా దగ్గర ఆగిపోయిందని అనుకున్నాను. మా అమ్మాయి దాన్ని మళ్లీ తొక్కుతోంది. మన సంఘం కూడా తొక్కాలని కోరుకుంటున్నాను.